మెరుపుల వార్త విన్న పోపోవ్

మేఘాలలో మెరుపు మెరిసినప్పుడు వెలుగు, ఉరుములతో పాటు కంటికి కానరాని విద్యుదయస్కాంత తరంగం కూడా దిక్కులన్నిటా వ్యాపిస్తుంది. ప్రకృతి యుగయుగాలుగా పంపుతున్న ఈ వార్తను యంత్రసహాయంతో గ్రహించి నమోదు చేసినవారిలో అగ్రగణ్యుడు రష్యా దేశీయుడైన అలెగ్జాండర్ స్టెపనోవిచ్ పోపోవ్.

ఆయన 1859 మార్చి 16న ఉరల్ ప్రాంతంలోని ఒక గనుల గ్రామంలో, మతాచార్యుని ఇంట జన్మించాడు. తొలుత మతవిద్య అభ్యసించినా, ఆయన మనస్సు భౌతికశాస్త్రంపై లగ్నమైంది. 1882లో సెయింట్ పీటర్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో పట్టం పొంది, మరుసటి ఏడు క్రోన్‌స్టాట్‌లోని నౌకాదళ విద్యాలయంలో అధ్యాపకుడుగా చేరాడు.

బ్రాన్లీ, లాడ్జి మున్నగువారి కృషిని ఆధారం చేసికొని ఆయన నిర్మించిన పరికరం నిరాడంబరమైనది. ఎత్తుగా కట్టిన ఒక తీగ, గాజుగొట్టంలో కొంత లోహపు రజను. తరంగం తాకగానే రజను అంటుకొని విద్యుత్తుకు దారి ఇస్తుంది, గంట మోగుతుంది, ఆ గంట సుత్తియే గొట్టాన్ని తట్టి రజనును విడదీసి, తరువాతి తరంగానికి సిద్ధపరుస్తుంది. దీనిని 1895 మే 7న శాస్త్రజ్ఞుల సభలో ప్రదర్శించాడు. ఆ వేసవిలోనే పీటర్స్‌బర్గ్ అటవీ విద్యాసంస్థలో నెలకొల్పిన యంత్రం, దాదాపు 30 కిలోమీటర్ల దూరాన ఉన్న తుపానుల జాడను కాగితంపై గీసి చూపింది.

1899 నవంబరులో ఒక యుద్ధనౌక గోగ్లాండ్ ద్వీపం వద్ద శిలలపై చిక్కుకొన్నది. పోపోవ్, ఆయన సహచరులు దాదాపు 45 కిలోమీటర్ల మేర తంతిరహిత వార్తాసౌకర్యం కల్పించారు. 1900 ఫిబ్రవరిలో ఆ మార్గాన అందిన వార్తతోనే, మంచుగడ్డపై కొట్టుకుపోతున్న మత్స్యకారులను ఎర్మాక్ అనే నౌక రక్షించింది.

రేడియో ఆవిష్కర్త మార్కోనీయా, పోపోవా అన్న వివాదం చిరకాలంగా ఉన్నది. పోపోవ్ 1895 నాటి తన పరికరానికి పేటెంటు కోరలేదు. మార్కోనీ 1896లో బ్రిటన్‌లో పేటెంటుకు దరఖాస్తు చేసి, 1909లో నోబెల్ బహుమతిని బ్రౌన్‌తో పంచుకొన్నాడు. అప్పటికి పోపోవ్ జీవించి లేడు.

1905లో ఆయన పీటర్స్‌బర్గ్ ఎలక్ట్రోటెక్నికల్ విద్యాసంస్థకు అధిపతిగా ఎన్నికైనాడు. అది విప్లవ సంవత్సరం. విద్యార్థులను అణచవలసినదిగా అధికారులు ఒత్తిడి చేయగా, ఆయన సమ్మతింపలేదు. ఆ సంఘర్షణల నడుమనే 1906 జనవరి 13న మెదడులో రక్తస్రావమై, 46వ యేట కన్నుమూశాడు.

నేడు రజను గొట్టం స్థానాన్ని కంప్యూటరు ఆక్రమించింది. తీగ గ్రహించిన తరంగాన్ని అంకెలుగా మార్చగా, గణనక్రమమే వాటిని వేరుపరుస్తుంది. ఈ విధంగా 3 నుండి 30 కిలోహెర్ట్‌జ్‌ల మధ్య దూరపు మెరుపుల చిటపటలను, జలాంతర్గాములకు నౌకాదళాలు పంపే సంకేతాలను ఒక్కచోటనే పరిశీలింపవచ్చు. అట్టి నౌకాదళ ప్రసార కేంద్రానికి మన వికారాబాదు జిల్లా దామగుండంలో 2024 అక్టోబరులో శంకుస్థాపన జరిగింది.

విద్యార్థి మిత్రులారా! పోపోవ్ ప్రకృతి సంకేతాన్ని ఎంత శ్రద్ధతో విన్నాడో, తన విద్యార్థుల పక్షాన అంత స్థైర్యంతో నిలిచాడు. ఆయన యంత్రం నేడు ప్రదర్శనశాలలకే పరిమితమైనా, ఆ శ్రద్ధ, ఆ స్థైర్యం మాత్రం మనకు నిత్యావసరాలే.