డ్రాకులా ముఖం ఆయనదే.. మరి దానిమీద హక్కెవరిది? బేలా లుగోసీ కథ ఇదీ!

డ్రాకులా అనగానే ఏం గుర్తొస్తుంది? వెనక్కి దువ్విన నల్లటి జుట్టు, గుచ్చినట్టుండే చూపు, భుజాల మీద నల్లటి కేప్. అది బొమ్మ గీసేవాళ్ల ఊహ కాదు.. ఓ నటుడి అసలు ముఖం. పేరు బేలా లుగోసీ. ఆయన పోయాక ఆ ముఖంతో సబ్బులు అమ్మారు, గాలిపటాలు అమ్మారు, చివరికి బెల్టు బకిల్స్ కూడా అమ్మారు. ఇంట్లోవాళ్లను మాత్రం ఒక్క మాట కూడా అడగలేదు!

లుగోసీ 1882లో అప్పటి ఆస్ట్రియా-హంగరీలోని లుగోస్‌లో పుట్టారు. ఇప్పుడా ఊరు రొమేనియాలో ఉంది. ఇంటిపేరు బ్లాస్కో అయితే, ఊరి పేరునే స్టేజీ పేరుగా పెట్టుకున్నారు. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుడిగా గాయపడ్డారు. 1920లో అమెరికా చేరుకున్నారు. మొదట్లో ఇంగ్లిష్ రాక డైలాగులను బట్టీపట్టి చెప్పేవారట.

1927లో బ్రాడ్‌వే నాటకంలో డ్రాకులా వేషం కట్టడంతో దశ తిరిగింది. 1931లో యూనివర్సల్ స్టూడియో సినిమా వచ్చింది. సినిమా సూపర్ హిట్. మరి హీరోకి ముట్టిందెంత? వారానికి 500 డాలర్ల చొప్పున ఏడు వారాలు.. మొత్తం 3,500 డాలర్లు. అంతే! మరుసటి ఏడాదే ఆయన దివాలా పిటిషన్ వేసుకోవాల్సి వచ్చింది.

ఆ తర్వాత అన్నీ దెయ్యాల వేషాలే. ఇంకో రకం పాత్రకు ఆయన్ను పిలిచినవాళ్లు తక్కువ. నొప్పి తగ్గడానికి మొదలుపెట్టిన మార్ఫిన్ వ్యసనంగా మారింది. 1955లో తానే వెళ్లి చికిత్స కోసం ఆస్పత్రిలో చేరారు. దాన్ని దాచుకోకపోవడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు. 1956 ఆగస్టు 16న కన్నుమూశారు. డ్రాకులా కేప్‌తోనే ఖననం చేశారు.

అసలు కథ అక్కడే మొదలైంది. దర్శకుడు ఎడ్ వుడ్ దగ్గర లుగోసీ నటించిన కొద్ది నిమిషాల ఫుటేజీ మిగిలింది. దాని చుట్టూ 'ప్లాన్ 9 ఫ్రమ్ ఔటర్ స్పేస్' అనే సినిమానే అల్లేశారు. మిగతా సీన్లకు ఇంకొకరిని పెట్టి, ముఖానికి కేప్ అడ్డం పెట్టించారు! ఇప్పటి డీప్‌ఫేక్‌కి తాతలాంటిది అనుకోండి.

ఇక 1960 నుంచి యూనివర్సల్ డ్రాకులా బొమ్మకు లైసెన్సులు ఇవ్వడం మొదలుపెట్టింది. మాస్కులు, టీషర్టులు, పేక ఆటలు, పెన్సిల్ చెక్కుకునే షార్ప్‌నర్లు.. ఒకటా రెండా. డ్రాకులాగా వేరేవాళ్లూ నటించారు కదా అనొచ్చు. కానీ వస్తువుల మీద ఉన్నది లుగోసీ ముఖమేనని కింది కోర్టు తేల్చింది. పాత ఒప్పందం ప్రకారం ఆ సినిమా ప్రచారానికి ఆయన పేరు, రూపం వాడుకోవచ్చు. సబ్బులు అమ్ముకోవడం ప్రచారం ఎలా అవుతుంది? ఇదే పాయింట్ మీద ఆయన కొడుకు, భార్య కేసు వేశారు.

కింది కోర్టులో కుటుంబం గెలిచింది. పైకోర్టులో ఓడింది. 1979లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు కూడా స్టూడియో పక్షమే నిలిచింది. బతికుండగా తన పేరు, రూపాన్ని వ్యాపారంగా వాడుకోకపోతే ఆ హక్కు మనిషితోనే పోతుంది, వారసులకు రాదు అన్నది తీర్పు సారాంశం. చీఫ్ జస్టిస్ రోజ్ బర్డ్ మాత్రం ఒప్పుకోలేదు. వారసులకు హక్కు ఉండాల్సిందేనని విడిగా రాశారు. చిల్లర కోసం నటించిన మనిషికి సొంత వ్యాపారం పెట్టుకునే వీలెక్కడుంది చెప్పండి?

అయితే ఓడిన ఆ కేసే చట్టాన్ని కదిలించింది. 1985 నుంచి కాలిఫోర్నియాలో చనిపోయిన ప్రముఖుల పేరు, ఫొటో, గొంతు ప్రకటనల్లో వాడాలంటే వారసుల అనుమతి తప్పనిసరి అయింది. మొదట 50 ఏళ్లు, 1999 మార్పుతో 70 ఏళ్లు. 1956లో పోయిన లుగోసీకి ఆ లెక్క 2026తో పూర్తవుతుంది.