చైతన్య రథం బానెట్ కింద

ఫిల్మ్ నగర్ రోడ్ల మీద తిరిగేవాళ్ళకి కారవాన్లు కొత్త కాదు. షూటింగ్ ఉన్న ఇంటి ముందు రెండో మూడో ఆగి ఉంటాయి. నల్ల అద్దాలు, పక్కనే గుర్రుమంటూ జనరేటర్ వ్యాన్, ప్లాస్టిక్ కుర్చీలో కునుకు తీస్తున్న డ్రైవర్. మా పిన్ని వాళ్ళ ఫ్లాట్ అటువైపే కాబట్టి వీకెండ్‌లో వెళ్ళినప్పుడల్లా చూస్తుంటాను. లోపల హీరో ఉన్నాడా అని అందరూ తొంగి చూస్తారు కానీ బానెట్ కింద ఏముందో ఎవరికీ పట్టదు.

ఈమధ్య మెకానికల్ బ్రాంచ్‌లో ఉన్న ఇద్దరు ఫ్రెండ్స్ ఒక క్యాంపర్ వ్యాన్ డిజైన్ గురించి గట్టిగా వాదించుకున్నారు. వ్యాన్‌లో మంచం, సింకు, బాత్రూం ఉండాలి, వెనకాల ఇంకో చిన్న కారవాన్‌ని కూడా లాగాలి. మరి ఇంజిన్ ఏది? ఒకడు హెచ్‌పీ అంటాడు, ఇంకొకడు టార్క్ అంటాడు. నేను సీఎస్ఈ, నాకు తెలిసిన ఇంజిన్లన్నీ గేమ్ ఇంజిన్లే. అయినా వింటూ ఉంటే నాకు ఎన్టీఆర్ గుర్తొచ్చారు. జూనియర్ కాదు, పెద్దాయన. నందమూరి తారక రామారావు. ఆయన బతుకులో తొమ్మిది నెలలు అచ్చంగా ఇలాంటి బండిలోనే గడిచాయి.

మన బ్యాచ్‌లో చాలామందికి ఆయన అంటే కృష్ణుడి వేషం, విగ్రహం, ఎలక్షన్ టైంలో ఫ్లెక్సీ. ఆ మూడూ పక్కన పెట్టి బండి దగ్గర మొదలుపెడతాను.

1982 మార్చి 29న హైదరాబాద్‌లో తెలుగుదేశం పార్టీ పెడుతున్నట్టు ప్రకటించారు. అప్పటికి ఆయనకి 59 ఏళ్ళు నిండబోతున్నాయి. 1983 జనవరి 5న పోలింగ్. మధ్యలో ఉన్నవి 282 రోజులు. పార్టీకి ఊళ్ళలో ఆఫీసుల్లేవు, క్యాడర్ లేదు, టీవీ అంటే దూరదర్శన్ ఒక్కటే, అదీ ప్రభుత్వం చేతిలో. ఎదురుగా దశాబ్దాలుగా రాష్ట్రాన్ని ఏలుతున్న కాంగ్రెస్. ఈ పరిస్థితిలో ఆయన తీసుకున్న నిర్ణయం, ఒక పాత షెవర్లే వ్యాన్‌ని ఇల్లుగా, ఆఫీసుగా, స్టేజీగా మార్పించడం. లోపల పడుకోవడానికి చోటు, పైకి ఎక్కి మాట్లాడటానికి వేదిక, మైకులు. దానికి చైతన్య రథం అని పేరు పెట్టారు. నడిపింది కొడుకు హరికృష్ణ, అప్పుడాయన పాతికేళ్ళ కుర్రాడు.

పాత షెవర్లే ఎందుకు? ఇక్కడ నా లెక్క నేను చెప్తాను.

1982లో మన దేశంలో షోరూంకి వెళ్ళి నచ్చిన బండి కొనుక్కునే రోజులు కావు. లైసెన్స్ రాజ్. రోడ్డు మీద కనిపించేవి అంబాసిడర్, ఫియట్, చిన్న డీజిల్ మటాడోర్, పెద్ద సైజులో టాటా, లేలాండ్ లారీలు. అంబాసిడర్‌ది ఒకటిన్నర లీటర్ ఇంజిన్, దాని మీద ఇల్లు కట్టలేం. మటాడోర్ చిన్నది. లారీ ఛాసిస్ బరువుకి ఆగుతుంది కానీ ఆ రోజుల డీజిల్ చప్పుడుకి పైనున్న మనిషి మైకులో ఏం చెప్పినా సగం దడదడలోనే పోతుంది. ఇక మిగిలినవి జనరల్ మోటార్స్ వాళ్ళు బొంబాయి శివ్డీ ఫ్యాక్టరీలో 1928 నుంచి 1954 దాకా బిగించి అమ్మిన షెవర్లేల లాంటి పాత అమెరికన్ బండ్లు. 1940ల నాటి షెవర్లే ట్రక్కుల్లో సాధారణంగా ఉండేది ఆరు సిలిండర్ల పెట్రోల్ ఇంజిన్, మూడున్నర లీటర్లు. పవర్ 85, 90 హెచ్‌పీ అంతే. ఇప్పటి 1.2 లీటర్ హ్యాచ్‌బ్యాక్ కూడా ఇంచుమించు అంతే ఇస్తుంది.

తేడా అంతా టార్క్‌లో ఉంది. హ్యాచ్‌బ్యాక్ ఇంజిన్ 110 న్యూటన్ మీటర్ల చిల్లర ఇస్తుంది, అది కూడా 4,000 ఆర్‌పీఎం దాటించి అరిపిస్తే. ఆ పాత ఆరు సిలిండర్లది 230 న్యూటన్ మీటర్ల దాకా, అదీ 2,000 ఆర్‌పీఎం లోపే. అంటే ఎద్దు లాంటిది. పరిగెత్తమంటే పరిగెత్తదు, లాగమంటే మాత్రం నిలబడ్డ చోటు నుంచే లాగుతుంది.

ఒక చిన్న లెక్క వేద్దాం, మా మెకానికల్ ఫ్రెండ్స్ వాదన కూడా దీంతో సగం తేలిపోతుంది. బండి, వెనకాల ట్రైలర్ కలిపి 5 టన్నులు అనుకోండి. పది శాతం ఎత్తు ఉన్న ఘాట్ రోడ్డు. బరువుని పైకి లాగడానికి, టైర్ల ఒరిపిడికి కలిపి దాదాపు 5,600 న్యూటన్ల బలం కావాలి. అదే ఎత్తుని గంటకి 60 కిలోమీటర్ల స్పీడులో ఎక్కాలంటే చక్రాల దగ్గర 125 హెచ్‌పీ అవసరం. గంటకి 5 కిలోమీటర్లు, అంటే మనిషి నడిచే స్పీడులో ఎక్కాలంటే పదిన్నర చాలు. కాబట్టి ఎన్ని హెచ్‌పీ అన్నది రెండో ప్రశ్న. ఎంత స్పీడులో వెళ్ళదలుచుకున్నావు, ఎన్నిసార్లు ఆగి మళ్ళీ కదలాలి అన్నది మొదటి ప్రశ్న.

ఎన్టీఆర్ దగ్గర ఆ ప్రశ్నకి జవాబు ఉంది. జనం నడిచేంత స్పీడులో వెళ్ళాలి, ప్రతి ఊరి సెంటర్లోనూ ఆగాలి.

చైతన్య రథానికి ట్రైలర్ బదులు జనం. ముందు జనం, వెనక జనం, పట్టుకుని వేలాడే జనం. నాలుగు గేర్లున్న పాత అమెరికన్ ట్రక్కుల్లో ఫస్ట్ గేర్ 7:1 దగ్గర ఉండేది, వెనక యాక్సిల్‌లో ఇంకో నాలుగైదు రెట్లు తగ్గుతుంది. అలాంటి గేర్‌లో ఇంజిన్ ఊరికే ఐడిల్‌లో తిరుగుతుంటే కూడా బండి గంటకి మూడు కిలోమీటర్లు పాకుతుంది. యాక్సిలరేటర్ తొక్కక్కర్లేదు, క్లచ్ సగం తొక్కి పెట్టి కాల్చుకోనక్కర్లేదు. బోనాల జాతరలో మన బైక్ క్లచ్ వాసన వచ్చిన వాళ్ళందరికీ ఇది ఎంత పెద్ద విషయమో అర్థమవుతుంది. అలా పాకేటప్పుడు ఎదురుగాలి ఉండదు కాబట్టి రేడియేటర్ పెద్దదిగా ఉండాలి, ఫ్యాన్ ఒక్కటే దిక్కు. పైన ఎండ, కింద ఇంజిన్, మధ్యలో స్టీరింగ్ దగ్గర హరికృష్ణ. పవర్ స్టీరింగ్, ఏసీ అన్న మాటలే లేవు. నన్నడిగితే ఆ ఎన్నికల్లో రావాల్సినంత పేరు రాని మనిషి ఆ డ్రైవరే.

ఎన్టీఆర్ అలా తిరిగింది 75,000 కిలోమీటర్లు అని చాలాచోట్ల కనిపిస్తుంది. 282తో భాగిస్తే రోజుకి 266 కిలోమీటర్లు. మధ్యలో అన్ని మీటింగులు పెట్టుకుని, జనంలో పాకుతూ, అప్పటి సింగిల్ రోడ్ల మీద రోజూ 266 అంటే నాకు నమ్మబుద్ధి కాదు. అందులో సగం వేసుకున్నా అది మామూలు విషయం కాదు. ఖాకీ బట్టలు, రోడ్డు పక్కనే స్నానం, అక్కడే తిండి. చెప్పిన టైంకి చేరేవారు కాదు. జనం అర్ధరాత్రి దాకా కూర్చునేవారు, ఆడవాళ్ళు హారతి పళ్ళేలు పట్టుకుని.

ఇంతటి స్టార్‌కి ఈ ఓపిక ఎక్కడిది అని వెనక్కి వెళ్ళి చూశాను. 1923 మే 28న కృష్ణా జిల్లా నిమ్మకూరులో పుట్టారు. రైతు కుటుంబం. బెజవాడలో చదువుకుంటూ హోటళ్ళకి సైకిల్ మీద పాలు పోసేవారు. తర్వాత ఆయన పార్టీ గుర్తు కూడా సైకిలే అవ్వడం నాకు భలే అనిపిస్తుంది. గుంటూరు ఏసీ కాలేజీలో బీఏ అయ్యాక 1947లో ప్రత్తిపాడులో సబ్ రిజిస్ట్రార్ ఉద్యోగం. మన అమ్మానాన్నలు కలలు కనే టైపు గవర్నమెంట్ జాబ్. మూడు వారాల్లో వదిలేసి మద్రాసు రైలెక్కారు. అప్పటికే పెళ్ళయింది, భార్య బసవతారకం. 1949లో మనదేశంలో పోలీసు వేషం, 1951లో పాతాళభైరవి, 1957లో మాయాబజార్. తర్వాతి పాతికేళ్ళ సినిమాల లిస్టు ఇక్కడ పెట్టను, మూడు వందల పైనే ఉన్నాయి, ఎవరి ఇంట్లో అయినా తాతగారిని అడగండి. ఆ తరం హీరోలకి కారవాన్ అన్నదే లేదని మాత్రం గుర్తుపెట్టుకోండి. అవుట్‌డోర్‌లో చెట్టు కింద కుర్చీ, నెత్తిన కిరీటం, ఒంటి మీద నగల బరువు, ఎండ. ఫిల్మ్ నగర్‌లో ఇప్పుడు చిన్న ఆర్టిస్టుకి దొరికే ఏసీ గది కూడా ఆయనకి షూటింగ్‌లో లేదు. ఆయన బండిలో కాపురం పెట్టింది సినిమాలు పక్కన పెట్టాకే.

ఫలితం తెలిసిందే. 294 సీట్లలో 200 పైన గెలిచి 1983 జనవరి 9న లాల్ బహదూర్ స్టేడియంలో జనం మధ్య ప్రమాణ స్వీకారం చేశారు. కిలో రెండు రూపాయల బియ్యం, కరణం మునసబు వ్యవస్థ రద్దు, మండలాలు, ఆడపిల్లలకి ఆస్తిలో సమాన వాటా, తెలుగు విశ్వవిద్యాలయం. వీటిలో కొన్ని మన ఇళ్ళలో ఇప్పటికీ పనిచేస్తున్నాయి. 1984 ఆగస్టులో ఆయన్ని దించేశారు, నెల రోజుల్లో మళ్ళీ కుర్చీలో కూర్చున్నారు. నచ్చనివీ చేశారు. ఉద్యోగుల రిటైర్మెంట్ వయసు ఒక్కసారిగా 58 నుంచి 55కి తగ్గించడం వల్ల ఎన్ని ఇళ్ళు కుదేలయ్యాయో రిటైర్డ్ ఉద్యోగులు ఇప్పటికీ చెప్తారు. 1985లో బసవతారకం గారు క్యాన్సర్‌తో పోయారు. 1989లో ఓడిపోయారు, 1994లో 216 సీట్లతో తిరిగొచ్చారు.

బండి ఐడియా మాత్రం ఆయన్ని దాటి పోయింది. 1990లో అద్వానీ రథయాత్రకి టొయోటా వ్యాన్‌ని రథంగా మార్చారు. మనవైపు ఇప్పుడు ప్రతి పార్టీకీ ఒక ప్రచార రథం ఉంటుంది. వారాహి వచ్చినప్పుడు ఆకుపచ్చ రంగు మీద ఎంత గొడవ జరిగిందో మనందరికీ గుర్తే, ఇంజిన్ గురించి ఒక్కరూ మాట్లాడలేదు. ఇప్పటి బండ్లకి టర్బో డీజిల్ ఉంది, తక్కువ ఆర్‌పీఎంలో టార్క్ అనేది సమస్యే కాదు. పాత షెవర్లే మూడున్నర లీటర్లతో ఇచ్చింది ఇప్పటి రెండు లీటర్ల డీజిల్ దర్జాగా ఇస్తుంది. మా వాళ్ళ క్యాంపర్ వ్యాన్‌కి కూడా నా ఓటు దానికే. ఒక చిక్కుంది, టర్బో పూర్తిగా అందుకునేది 1,500 ఆర్‌పీఎం దాటాకే. ఐడిల్‌లో పాకడం విషయంలో పాత బండే నయం. వెనకాల కారవాన్ తగిలించి ఘాట్‌లో ఆగి మళ్ళీ కదలాల్సి వస్తే ఫస్ట్ గేర్ రేషియో చూడకుండా ఇంజిన్ ఎంచుకోకూడదు.

ఆయన కథలో నేను ఎక్కువసేపు ఆగిపోయింది 1995 ఆగస్టు దగ్గర. సొంత పార్టీ ఎమ్మెల్యేలు చాలామంది ట్యాంక్‌బండ్ దగ్గరి వైస్రాయ్ హోటల్లో చేరారు, అల్లుడు చంద్రబాబు వైపు. ఎన్టీఆర్ మళ్ళీ ప్రచార రథం ఎక్కి ఆ హోటల్ ముందుకి వెళ్ళారు, లక్ష్మీపార్వతి గారితో. పదమూడేళ్ళ కింద రాష్ట్రమంతా పనిచేసిన పద్ధతే, బండి మీద నిలబడి మైకులో పిలవడం. ఈసారి ఎదురుగా హారతులు లేవు. ఆయన వైపు చెప్పులు వచ్చాయి. ఎవరిది తప్పు అన్నది మన ఇళ్ళలో ఈరోజుకీ భోజనాల దగ్గర గొడవ పెట్టే టాపిక్, అందులోకి నేను వెళ్ళను. 1982లో ఊరూరా స్టీరింగ్ పట్టుకున్న హరికృష్ణ ఆ రోజుల్లో అవతలి శిబిరంలో ఉన్నారు.

సెప్టెంబర్ 1న చంద్రబాబు ముఖ్యమంత్రి అయ్యారు. 1996 జనవరి 18న ఎన్టీఆర్ బంజారాహిల్స్‌లోని ఇంట్లో గుండెపోటుతో చనిపోయారు. 72 ఏళ్ళు. భార్య పేరుతో తలపెట్టిన క్యాన్సర్ ఆస్పత్రి 2000లో మొదలైంది, బంజారాహిల్స్ రోడ్ నంబర్ 10లో. హరికృష్ణ 2018 ఆగస్టు 29న నల్గొండ జిల్లాలో కారు ప్రమాదంలో పోయారు. ఆ రోజు కూడా బండి నడుపుతున్నది ఆయనే.