మన్యం వీరుడు అల్లూరి సీతారామరాజు

తూర్పు కనుమల మన్యంలో గిరిజనుల హక్కుల కోసం ప్రాణాలర్పించిన విప్లవవీరుడు అల్లూరి సీతారామరాజు. ఈయన 1897 జూలై 4న విశాఖపట్నం జిల్లా పాండ్రంగిలో జన్మించాడు. తల్లి సూర్యనారాయణమ్మ. తండ్రి వెంకటరామరాజు ఛాయాచిత్రకారుడు. రాజు బాల్యంలోనే తండ్రిని కోల్పోయాడు.

ఆనాటి అటవీ చట్టాలు గిరిజనుల పోడు వ్యవసాయానికి అడ్డుపడ్డాయి. రోడ్ల పనుల్లో వారిచేత వెట్టిచాకిరి చేయించేవారు. ఈ అన్యాయాలను సహించలేని రాజు గంటందొర, మల్లుదొర మొదలైన వారిని కూడగట్టాడు. 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లపై దాడిచేసి ఆయుధాలను స్వాధీనం చేసుకున్నాడు. సుమారు రెండేళ్లు ప్రభుత్వాన్ని గడగడలాడించాడు.

1924 మే 7న పట్టుబడిన రాజును విచారణ లేకుండానే కొయ్యూరు వద్ద కాల్చి చంపారు. మరణించినది రాజేనని ప్రజలను నమ్మించడం ప్రభుత్వానికి అవసరమైంది. మృతదేహాన్ని కృష్ణదేవిపేటకు తరలించి, ఫొటో తీయించి, దహనం చేయించింది. నేటి డి.ఎన్.ఎ. పరీక్షలు అప్పటికి లేవు. ఎరిగినవారు చూసి చెప్పడం, ఛాయాచిత్రం, ఇవే ఆనాటి ఆధారాలు. ఛాయాచిత్రకారుని కుమారుని మరణానికి ఛాయాచిత్రమే సాక్ష్యం కావడం విధివిలాసం. అయినా ఆ సాక్ష్యాన్ని అందరూ అంగీకరించలేదు. రాజు బతికే ఉన్నాడని చాలామంది చాలాకాలం విశ్వసించారు.

ఆయన సమాధి కృష్ణదేవిపేటలో ఉంది. 2022లో పాడేరు కేంద్రంగా, అరకులోయతో కలిపి ఏర్పడిన జిల్లాకు ఆయన పేరే పెట్టారు. ఇరవై ఏడేళ్లయినా నిండని ఆ జీవితం తెలుగువారికి చిరస్మరణీయం.