ఆశుతోష ముఖర్జీ

కలకత్తా విశ్వవిద్యాలయము 1857వ సంవత్సరమున స్థాపితమయ్యెను. ఐనను చాలకాలము వరకు పరీక్షలు జరిపి పట్టము లొసగుటయే దాని ముఖ్యకార్యము. బోధన కళాశాలల పని. పరిశోధన యన్ననో, దాదాపు ఎవ్వరి పనియు గాదు. నేటి విద్యార్థుల కిది వింతగా తోచవచ్చును.

ఈ లోపమువలన స్వయముగా నష్టపడినవాడు ఆశుతోష ముఖర్జీ. ఆయన 1864వ సంవత్సరము జూన్ 29వ తేదీన కలకత్తాలో జన్మించెను. తండ్రి గంగాప్రసాదు వైద్యుడు. గణితమన్న ఆశుతోషునకు ప్రాణము. కళాశాలలో చదువుచుండగనే ఆయన వ్రాసిన వ్యాసము ఇంగ్లండులోని గణిత పత్రికలో ప్రకటితమయ్యెను. గణిత పరిశోధనలోనే జీవితము గడుపవలెనని కోరెను గాని, విశ్వవిద్యాలయమున అట్టి పదవి లేదు. నెలకొల్పుటకు ధనమును సమకూడలేదు. విధిలేక న్యాయవాదియై, 1904లో హైకోర్టు న్యాయమూర్తి యయ్యెను.

ఐనను విశ్వవిద్యాలయమును విడువలేదు. 1889 నుండియు దాని పాలనలో పాల్గొనుచు, 1906లో వైస్ ఛాన్సలరయ్యెను. పగలు న్యాయస్థానము, మిగిలిన వేళ విశ్వవిద్యాలయము. తారకనాథ పాలిత్, రాసబిహారీ ఘోష్ అను న్యాయవాదులు లక్షల కొలది ధనము దానము చేయగా, 1914 మార్చి 27న విజ్ఞాన కళాశాలకు పునాది వేయబడెను.

అందు భౌతికశాస్త్రాచార్య పదవికి ఆశుతోషుడు కోరినది చంద్రశేఖర వేంకట రామన్‌ను. రామన్ అప్పుడు ప్రభుత్వ ఆర్థికశాఖలో ఉద్యోగి. ఉదయమును రాత్రియు ఒక విజ్ఞాన సంఘపు ప్రయోగశాలలో పరిశోధనలు చేయుచుండెను. ఆచార్యుడు విదేశములలో శిక్షణ పొందవలెనని దానపత్రములో నియమముండెను. రామన్ అందుకు సమ్మతింపలేదు. ఆశుతోషుడు నియమమునే సడలింపజేసెను గాని, అట్టివానిని వదులుకొనలేదు. 1917లో రామన్ తక్కువ జీతమునకే ఆ పదవిని స్వీకరించెను. సత్యేంద్రనాథ బోసు, మేఘనాథ సాహా అను యువకులును ఆ కళాశాలలోనే ఉపన్యాసకులైరి. 1921లో తెలుగు కుటుంబమున జన్మించిన సర్వేపల్లి రాధాకృష్ణన్ తత్త్వశాస్త్రాచార్యుడై మైసూరునుండి వచ్చెను.

వ్యయము మితిమీరెనని విమర్శించినవారు లేకపోలేదు. కోశము వట్టిపోయిన మాటయు నిజమే. 1922లో ప్రభుత్వము రెండున్నర లక్షల రూపాయ లిచ్చుటకు ఒప్పుకొనెను గాని, కొన్ని షరతులు విధించెను. ధనము లేక అధ్యాపకులు ఇక్కట్లు పడుచున్నను, విశ్వవిద్యాలయపు స్వాతంత్ర్యమును అమ్ముకొనుట ఆశుతోషునకు సమ్మతము గాలేదు. మరుసటి యేట గవర్నరు లిట్టన్, ప్రభుత్వమునకు అనుకూలముగా నడచుకొన్నచో వైస్ ఛాన్సలరు పదవి మరల నొసగుదునని తెలిపెను. ఆయన తిరస్కరించి, పదవినుండి తొలగెను.

న్యాయమూర్తి పదవిని వీడినపిమ్మట ఆయన మరల న్యాయవాద వృత్తి నవలంబించెను. ఒక వ్యాజ్యెము నిమిత్తము పాట్నా కేగి, 1924 మే 25న అచటనే మరణించెను.