ఆరు కోడిపుంజులు

తెల్లవారుజామున పుంజు కూస్తుంది. మరొక పుంజు ఎదురుపడితే మెడ ఈకలు నిక్కబొడుచుకొని కయ్యానికి కాలు దువ్వుతుంది. ఈ గుణాలు దానికి ఎలా వస్తాయి? ఈ ప్రశ్నకు ప్రయోగం ద్వారా సమాధానం వెదికిన శాస్త్రజ్ఞుడు ఆర్నల్డ్ అడాల్ఫ్ బెర్తోల్డ్.

బెర్తోల్డ్ 1803లో జర్మనీలోని సోస్ట్ పట్టణంలో జన్మించాడు. గోటింజెన్ విశ్వవిద్యాలయంలో వైద్యవిద్య అభ్యసించి, 1823లో పట్టా పొందాడు. తరువాత అక్కడే ఆచార్యుడయ్యాడు. 1834లో రసాయన శాస్త్రజ్ఞుడు బున్సెన్‌తో కలిసి పాషాణ విషానికి విరుగుడు కనుగొన్నాడు.

చిన్నతనంలోనే వృషణాలు తీసివేసిన పుంజు పెద్దదైనా పుంజులా ప్రవర్తించదని రైతులకు ఏనాటి నుంచో తెలుసు. అందుకు కారణం మాత్రం ఎవరికీ తెలియదు. అది నరాల పని అయి ఉండవచ్చునని అనుకోవడానికి వీలుంది. బెర్తోల్డ్ ఆ సంగతి తేల్చదలచాడు.

1848 ఆగస్టులో అతడు ఆరు పుంజు పిల్లలను తీసుకొన్నాడు. రెండింటికి వృషణాలను పూర్తిగా తొలగించాడు. మరి రెండింటికి ఒక వృషణాన్ని తీసివేసి, రెండవదానిని దాని చోటునుంచి విడదీసి పొట్టలోనే ఉంచాడు. చివరి రెండింటికి రెండు వృషణాలనూ తీసి, ఒకదాని వృషణాన్ని మరొకదాని పొట్టలో అమర్చాడు.

మొదటి రెండు పుంజులకు తురాయి సరిగా ఎదగలేదు. అవి పుంజుల్లా కూయలేదు, పోట్లాటకు దిగలేదు. మిగిలిన నాలుగూ మామూలు పుంజుల్లాగే కూశాయి, పోట్లాడాయి, పెట్టల వెంట తిరిగాయి. తరువాత కోసి చూడగా, అమర్చిన వృషణాలు పేగులను అంటుకొని పెరిగాయి. వాటికి కొత్త రక్తనాళాలు ఏర్పడ్డాయి. పాత నరాలు మాత్రం తిరిగి కలవలేదు. కాబట్టి వృషణాల ప్రభావం రక్తం ద్వారానే శరీరమంతటికీ చేరుతోందని బెర్తోల్డ్ నిర్ణయించాడు.

1849లో ఈ విషయాన్ని కొద్ది పుటల వ్యాసంగా ప్రకటించాడు. అదే విశ్వవిద్యాలయానికి చెందిన మరొక ఆచార్యుడు ఈ ప్రయోగాన్ని మళ్లీ చేయబోయి సఫలుడు కాలేదు. దానితో ఎవరూ ఆ వ్యాసాన్ని పట్టించుకోలేదు. 1861లో బెర్తోల్డ్ మరణించాడు.

కాలం అతని మాటనే నిలబెట్టింది. రక్తంలో ప్రయాణించి అవయవాలను నడిపించే ఇటువంటి పదార్థాలకు 1905లో హార్మోన్లు అనే పేరు వచ్చింది. 1935లో వృషణాలనుంచి టెస్టోస్టిరాన్‌ను వేరుచేశారు. అయితే హార్మోన్ ఉంటే చాలదు, దానిని అందుకొనే గ్రాహకాలు కూడా ఉండాలి. వాటిని తయారుచేయించేవి జన్యువులు. ఉత్తర అమెరికాలోని తెల్లగొంతు పిచ్చుకలు ఇందుకు ఉదాహరణ. వాటిలో తలపై తెల్లచారలు గలవి ఎక్కువ కయ్యాలమారివి. గోధుమరంగు చారలు గలవి పిల్లల పోషణలో ఎక్కువ శ్రద్ధ చూపుతాయి. ఈ తేడాకు మూలం ఒక క్రోమోజోములోని జన్యువుల అమరిక. అక్కడి ఒక జన్యువు ఈస్ట్రోజెన్ అనే హార్మోనుకు గ్రాహకాన్ని తయారుచేయిస్తుంది. మెదడులో ఆ జన్యువు పనిని తగ్గించగా తెల్లచారల పక్షుల కయ్యాలు తగ్గాయని 2020లో శాస్త్రజ్ఞులు తెలిపారు.

గొప్ప సత్యాన్ని కనుగొనడానికి గొప్ప పరికరాలే అక్కరలేదు. సరైన ప్రశ్న, ఓపిక, నిజాయితీగల పరిశీలన ఉంటే ఆరు కోడిపుంజులైనా చాలునని బెర్తోల్డ్ జీవితం మనకు చెబుతుంది.