గిన్నెల ఫ్యాక్టరీ యజమాని

మాది కాణిపాకం. వరసిద్ధి వినాయకుని ఎదుట అబద్ధపు ప్రమాణం చేసినవాడు బాగుపడడని మా తట్టు గట్టి నమ్మకం. అప్పు ఎగ్గొట్టినవాడు సైతం కోనేట్లో మునిగి ప్రమాణం చేయమంటే జంకుతాడు. అటువంటి వూళ్ళో పుట్టిన నేను ఒక అబద్ధాలకోరు జీవితం రాయబూనడం మిత్రులకు వింతగా తోచవచ్చు. ఆయన ఆస్కార్ షిండ్లర్. 1993లో స్పీల్‌బర్గ్ తీసిన 'షిండ్లర్స్ లిస్ట్' సినిమా చూసినవారికి కొత్తవాడు కాడు.

1908 ఏప్రిల్ 28న, నేటి చెక్ దేశంలోని స్విటావీలో పుట్టాడు. తండ్రిది సేద్యపు యంత్రాల వ్యాపారం. అంతవరకు మాబోటి రైతుబిడ్డలకు దగ్గరివాడే! బడిలో మార్కుల కాగితం దిద్ది బయటికి గెంటించుకున్నాడు. తాగుడు, విలాసాలు, జర్మనీ తరఫున గూఢచారి పని, 1939లో నాజీ పార్టీ సభ్యత్వం. ఆ ఏడే జర్మనీ పోలండును ఆక్రమించింది. లాభాల వేటలో క్రాకో నగరం చేరి, ఒక ఎనామిల్ గిన్నెల ఫ్యాక్టరీని చేజిక్కించుకున్నాడు. యూదు కూలీలను పెట్టుకున్నది జాలితో కాదు, చౌకగా దొరికారని. ఇందులో దాచేదేమీ లేదు.

నాజీలు సుమారు 60 లక్షల మంది యూదులను చంపిన రోజులవి. 1943 మార్చిలో క్రాకోలోని యూదుల వాడను ఖాళీ చేయించారు. దొరికినవారిని దొరికినచోటే కాల్చారు, మిగిలినవారిని ప్లాషోవ్ శిబిరానికి తోలారు. షిండ్లర్ లెక్క అప్పటినుంచి మారింది. శిబిరం అధికారి ఆమోన్ గోట్‌కు మందూ లంచాలూ మేపి, తన కూలీలకు ఫ్యాక్టరీ ఆవరణలోనే వేరే శిబిరం పెట్టించుకున్నాడు. పనికిరారని తేలితే చావే గనుక ముసలివారి వయసు తగ్గించి, పిల్లల వయసు పెంచి, లాయర్లనూ డాక్టర్లనూ ఇనుము పనివాళ్ళుగా రిజిస్టర్లో చూపించారు. ఈ రిజిస్టరు సంగతి చెప్పి, ఇది మన దేవుడి దగ్గర చెల్లుతుందా అని మా అవ్వనడిగాను. అట్లాంటి అబద్ధాలు స్వామి లెక్కపెట్టడని ఠక్కున అనేసింది.

1944లో రష్యా సేనలు దగ్గరపడ్డాయి. ఫ్యాక్టరీని బ్రున్‌లిట్జ్‌కు మార్చినప్పుడు తయారైందే ఆ జాబితా, దాదాపు 1200 పేర్లు. సినిమాలో షిండ్లరే చెప్పి టైపు చేయించినట్లుంది గానీ, నిజానికి చాలావరకు గోల్డ్‌బర్గ్ అనే శిబిరపు గుమాస్తా చేతిమీదుగా జరిగింది. సుమారు 300 మంది ఆడవాళ్ళ రైలు ఔష్విట్జ్ మృత్యుశిబిరానికి చేరితే, వారాల తరబడి నానా తంటాలు పడి వెనక్కి రప్పించారు. కొత్త చోట చేయవలసినవి ఫిరంగి గుండ్లు. పనికొచ్చే గుండ్లు దాదాపు తయారే కాలేదు. అడిగినవారికి బ్లాకులో కొన్నవి చూపించేవాడు!

1945 జనవరిలో, గడ్డకట్టిన రైలుపెట్టెల్లో చావుబతుకుల మధ్య వచ్చిన యూదులకు సేవచేసి బతికించింది ఆయన భార్య ఎమిలీ. సినిమాలో ఆమెకిచ్చిన చోటు తక్కువ. నాకది నచ్చలేదు.

యుద్ధం ముగిసేసరికి చేతిలో చిల్లిగవ్వ లేదు. 1949లో అర్జెంటీనా పోయి కోళ్ళు పెంచి దివాలా తీశాడు. (కోళ్ళఫారం పెట్టి మునిగినవాళ్ళు మా తట్టూ ఉన్నారు.) భార్యను అక్కడే వదిలి జర్మనీ వచ్చి పెట్టిన సిమెంటు ఫ్యాక్టరీ కూడా మూతపడింది. చివరికి తాను కాపాడిన యూదులు పంపే డబ్బుతోనే బతికాడు. 1974 అక్టోబరు 9న హిల్డెస్‌హైమ్‌లో పోయాడు. సమాధి జెరూసలెంలో ఉంది. సినిమా చివర దానిమీద ఒక్కొక్క రాయి పెట్టి వెళ్ళేది నటులొక్కరే కాదు, వాళ్ళ చేయి పట్టుకుని, ఆ జాబితాలో బతికిన అసలు మనుషులు.