హారియట్ టబ్‌మన్ - నల్లజాతి ఆడపడుచులకు కొండంత అండ

ఈ ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవితం గురించి రాయమని మన కార్యవర్గం వారు కోరారు. గాంధీ, నెహ్రూ, ప్రకాశం పంతులు గార్ల గురించి మనలో చాలామంది ఇదివరకే రాశారు. అందుచేత నేను సముద్రాల అవతల పుట్టిన ఒక స్త్రీని ఎన్నుకున్నాను. ఆమె బానిసగా పుట్టింది. చదువు రాదు. అయినా వందల మందిని చెర విడిపించింది, యుద్ధంలో రోగులకు సేవ చేసింది, దిక్కులేని నల్లజాతి వృద్ధులకు ఆశ్రమం కట్టించింది. తనకు రావలసిన పింఛను కోసం 30 ఏళ్ళకు పైగా సర్కారు తలుపు తట్టింది. ఆమె పేరు హారియట్ టబ్‌మన్. ట్రెజరీ కాగితాల మధ్య జీవితం గడిపిన నాకు ఆమె కథలోని ఆ చివరి భాగం మరీ దగ్గరగా అనిపించింది.

బాల్యం

అమెరికాలోని మేరీలాండ్ రాష్ట్రం డార్చెస్టర్ కౌంటీలో 1822 ప్రాంతంలో ఆమె జన్మించింది. బానిసల పుట్టుకలను ఎవరూ సరిగ్గా నమోదు చేయలేదు కనుక తేదీ తెలియదు. తల్లిదండ్రులు పెట్టిన పేరు అరమింటా. తల్లి రిట్, తండ్రి బెన్ రాస్. తొమ్మిదిమంది సంతానంలో ముగ్గురు అక్కలను యజమాని దూరప్రాంతాలకు అమ్మివేశాడు. వాళ్ళు మళ్ళీ కనబడలేదు. ఒకసారి చిన్న కొడుకును కూడా అమ్మబోతే, ఆ తల్లి పిల్లవాణ్ణి నెల రోజులు దాచిపెట్టి, గుమ్మం దాటి వచ్చినవాడి తల పగలగొడతానని నిలబడింది. యజమాని వెనక్కి తగ్గాడు. ఎదిరిస్తే ఫలితం ఉంటుందని ఆ పిల్ల మొదట నేర్చుకున్నది తల్లి దగ్గరే.

ఆరేళ్ళ వయసులోనే ఆమెను అద్దెకు పంపారు. పని, ఒక దొరసాని పసిబిడ్డను రాత్రంతా ఊపుతూ కూర్చోవడం. బిడ్డ ఏడిస్తే కొరడా. ఆ వాతలు ముసలితనంలో కూడా మెడమీద కనబడేవట. మరోచోట తట్టు పోసి ఉండగానే చలినీళ్ళలో దింపి, ఉచ్చులు చూసి రమ్మన్నారు.

పన్నెండు, పదమూడేళ్ళప్పుడు ఇంకో ఘోరం జరిగింది. పని వదిలి పారిపోతున్న ఒక బానిస మీదకు మేస్త్రీ విసిరిన రెండు పౌన్ల తూకపు రాయి గురి తప్పి ఈ పిల్ల తలకు తగిలింది. పుర్రె చిట్లింది. వైద్యం లేదు. రెండు రోజులు పడి ఉన్న తరువాత మళ్ళీ పొలానికి తోలారు. అప్పటి నుంచి జీవితాంతం విపరీతమైన తలనొప్పి, మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో హఠాత్తుగా నిద్రలోకి జారిపోవడం ఆమెను విడిచిపెట్టలేదు. తరువాత ఆమె చేసిన పనులన్నీ ఈ తలతోనే చేసిందని పాఠకులు గుర్తుంచుకోవాలి.

చెర నుంచి బయటికి

1844లో జాన్ టబ్‌మన్ అనే స్వతంత్రుడైన నల్లజాతీయుణ్ణి పెళ్ళాడింది. ఆ ప్రాంతాలలోనే తల్లి పేరైన హారియట్‌ను తన పేరుగా పెట్టుకున్నది. 1849లో యజమాని చనిపోయాడు. అప్పులు తీర్చడానికి తమను అమ్ముతారని తెలిసి ఆమె ఒంటరిగా పారిపోయి, ధ్రువనక్షత్రం ఆనవాలుగా రాత్రిళ్ళు నడిచి, దయగల మనుషుల ఇళ్ళలో తలదాచుకుంటూ పెన్సిల్వేనియా చేరింది. ఫిలడెల్ఫియాలో ఇళ్ళలో వంటపని, పాచిపని చేసి కూలి డబ్బులు కూడబెట్టింది. తాను బయటపడ్డాను కదా అని ఊరుకుంటే మనం ఈరోజు ఆమె పేరు చెప్పుకునేవాళ్ళం కాదు.

మొదట కాపాడింది ఒక ఆడకూతురినే. 1850 డిసెంబరులో మేనకోడలు కెజయాను, ఆమె ఇద్దరు పిల్లలను కేంబ్రిడ్జ్ పట్టణంలో కోర్టు మెట్ల దగ్గర వేలానికి పెట్టారు. కెజయా భర్త స్వతంత్రుడు. అతనే వేలంపాటలో నిలిచి పాట తన పేరున ఖాయం చేసుకున్నాడు. వేలం వేసే వ్యక్తి భోజనానికి వెళ్ళి వచ్చి డబ్బు కట్టమని పిలిచేసరికి పాడినవాడు లేడు, తల్లీ లేదు, పిల్లలూ లేరు! దగ్గరలోనే ఒక ఇంట్లో దాగి, రాత్రి పడవలో బాల్టిమోర్ చేరారు. అక్కడి నుంచి హారియట్ వారిని క్షేమంగా తీసుకుపోయింది.

ఆ తరువాత పదేళ్ళలో సుమారు 13 సార్లు మేరీలాండ్‌కు తిరిగి వెళ్ళి దాదాపు 70 మందిని విడిపించింది. పాత పుస్తకాలలో 300 మంది అని ఉంటుంది గానీ, తరువాతి పరిశోధకులు కాగితాలన్నీ సరిచూసి తేల్చిన లెక్క ఇది. రాత్రులు ఎక్కువగా ఉండే చలికాలంలో వెళ్ళేది. శనివారం రాత్రి బయలుదేరితే, పారిపోయినవారి ప్రకటన సోమవారం గాని పత్రికకు ఎక్కదు. పసిపిల్లలు ఏడవకుండా నిద్రమందు ఇచ్చి బుట్టల్లో మోసేవారు. 1850లో వచ్చిన చట్టం ప్రకారం ఉత్తరాది రాష్ట్రాల్లో కూడా పట్టుకునే వీలు ఉండడంతో కెనడాలోని సెయింట్ కాథరీన్స్ దాకా నడిపించింది. వృద్ధులైన తల్లిదండ్రులను 1857లో తెచ్చుకుంది. జనం ఆమెను మోజెస్ అని పిలుచుకునేవారు.

అన్నీ విజయాలే కావు. చెల్లెలు రేచల్ కోసం ఎన్నో ఏళ్ళు ప్రయత్నించింది. పిల్లలను విడిచి రానన్నది ఆ తల్లి. 1860 చివర హారియట్ మరోసారి వెళ్ళేసరికి రేచల్ చనిపోయి ఉంది. ఆమె ఇద్దరు పిల్లలనైనా తీసుకురావాలంటే లంచంగా 30 డాలర్లు కావలసి వచ్చింది. చేతిలో ఆ డబ్బు లేదు. పిల్లలు అక్కడే ఉండిపోయారు. అదే ఆమె ఆఖరి యాత్ర. ఆ 30 డాలర్లు ఆమెను ఎంతకాలం బాధపెట్టి ఉంటాయో ఆడపిల్లలున్న ప్రతివారూ ఊహించుకోగలరు.

యుద్ధకాలంలో సేవ

1861లో అంతర్యుద్ధం వచ్చింది. 1862లో ఆమె దక్షిణ కరోలినాలోని పోర్ట్ రాయల్‌కు వెళ్ళింది. యజమానులు వదిలి పారిపోగా మిగిలిన వేలాది నల్లజాతి కుటుంబాలు అక్కడ శిబిరాలలో ఉన్నాయి. కట్టుబట్టలు, ఆకలి, మశూచి, విరేచనాలు. హారియట్ ఆసుపత్రిలో పుండ్లు కడిగి, ఈగలు తోలి, చెట్ల వేళ్ళతో కషాయాలు కాచి పోసేది. విరేచనాలకు ఆమె ఇచ్చే కషాయానికి మంచి పేరు వచ్చి, ఫ్లోరిడాలోని మరో ఆసుపత్రికి కూడా పిలిపించారు.

సైన్యం నుంచి ఆమెకు ముట్టిన 200 డాలర్లతో ఏం చేసిందో చూడండి. ఒక చాకిరేవు షెడ్డు కట్టించి, విముక్తులైన స్త్రీలకు సైనికుల బట్టలు ఉతికి కూలి సంపాదించుకోవడం నేర్పించింది. అంతవరకూ యజమాని పెట్టింది తినడమే తప్ప సొంత సంపాదన ఎరుగని స్త్రీలు వాళ్ళు. మందు ఎంత అవసరమో, తన చేతిలో నాలుగు డబ్బులు ఉండడం కూడా ఆడదాని ఆరోగ్యానికీ రక్షణకూ అంతే అవసరమని ఆమె గ్రహించింది. తనకు సైన్యం వారిచ్చే రేషను చూసి తోటివారు చిన్నబుచ్చుకుంటున్నారని, దాన్ని మానుకుంది. పగలంతా ఆసుపత్రిలో పనిచేసి, రాత్రి పిండివంటలు చేసి అమ్మించి పొట్టపోసుకునేది.

1863 జూన్ 2న కర్నల్ మాంట్‌గోమరీతో కలిసి కంబాహీ నది మీద పడవలలో వెళ్ళి, 700 మందికి పైగా బానిసలను ఒక్క రాత్రిలో విడిపించింది. దానికి ముందుగా వేగులను పంపి సమాచారం సేకరించింది ఆమే. సైనిక చర్యలో అటువంటి బాధ్యత వహించిన స్త్రీలు ఆ యుద్ధంలో అరుదు.

యుద్ధం ముగిసి 1865లో ఇంటికి వస్తుంటే రైలులో అవమానం జరిగింది. సర్కారు ఇచ్చిన పాసు చేతిలో ఉన్నా, కండక్టరు నమ్మక, నల్లజాతి స్త్రీ అని మరికొందరి సాయంతో ఈడ్చి పక్కపెట్టెలోకి తోశాడు. చేతికి బలమైన గాయమై నెలల తరబడి పని చేయలేకపోయింది. దేశానికి సేవ చేసి వస్తున్నందుకు దక్కిన బహుమానం అదీ!

పింఛను కథ

న్యూయార్క్ రాష్ట్రంలోని ఆబర్న్ పట్టణంలో, 1859లో సెనేటర్ సీవర్డ్ నుంచి వాయిదాల మీద కొన్న చిన్న స్థలమే ఆమె నివాసం. ముసలి తల్లిదండ్రులు, అనాథలు, రోగులు, ఎవరు వచ్చినా ఆ ఇంట్లో చోటు ఉండేది. కూరగాయలు పండించి, పందులను పెంచి, అప్పులు చేసి వాళ్ళను పోషించింది. తన సేవలకు జీతం బకాయిలు ఇవ్వమని దరఖాస్తు చేసింది. 1868లో సీవర్డ్ స్వయంగా సిఫారసు రాశాడు. 1874లో ఆమెకు 2,000 డాలర్లు ఇవ్వాలనే బిల్లు దిగువ సభలో నెగ్గి, సెనేట్‌లో వీగిపోయింది. కారణం మనకు తెలిసిందే. నియామకపు ఉత్తర్వు లేదు, మస్టర్ రోల్‌లో పేరు లేదు. పని చేసినట్టు సేనానులు రాసి ఇచ్చినా, కాగితంలో లేని సేవ సర్కారు దృష్టిలో సేవ కాదు.

1869లో ఆమె నెల్సన్ డేవిస్ అనే మాజీ సైనికుణ్ణి వివాహమాడింది. క్షయవ్యాధితో అతను 1888లో మరణించాడు. 1890లో సైనికుల వితంతువులకు పింఛను చట్టం వచ్చింది. ఆమె దరఖాస్తు పెడితే చిక్కు వచ్చింది. భర్త సైన్యంలో నెల్సన్ చార్లెస్ అనే పేరుతో పనిచేశాడు. రెండు పేర్లూ ఒక్క మనిషివే అని, పెళ్ళి నిజమని, మొదటి భర్త లేడని అఫిడవిట్ల మీద అఫిడవిట్లు దాఖలు చేయవలసి వచ్చింది. సర్వీసు రిజిస్టరులో ఒక పేరు, మరణ ధృవపత్రంలో ఒక పేరు ఉండి, ఫ్యామిలీ పెన్షన్ కోసం మెట్లెక్కి దిగిన ఆడవాళ్ళను నేను కౌంటరు ఇవతల నుంచి ఎందరినో చూశాను. అందుకే ఈ ఘట్టం చదివినప్పుడు నాకు అమెరికా కనబడలేదు, మన తాలూకా ఆఫీసు వరండాయే కనబడింది.

ఐదేళ్ళ తరువాత, 1895లో నెలకు 8 డాలర్లు మంజూరైంది. అది కూడా భర్త సేవకే గాని ఆమె సేవకు కాదు. మళ్ళీ పోరాడింది. 1898లో ఆమె ఇచ్చిన అఫిడవిట్ కింద సంతకం బదులు గీసిన గుర్తుతో ఈనాటికీ అమెరికా జాతీయ అభిలేఖాలయంలో భద్రంగా ఉంది. నెలకు 25 డాలర్లు ఇవ్వాలని బిల్లు పెడితే బేరాలాడి, వితంతువుగా ఆమెకు వస్తున్న దానికి నర్సుగా చేసిన సేవను దృష్టిలో పెట్టుకుని కొంత కలిపి, 1899 ఫిబ్రవరిలో 20 డాలర్లు చేశారు. అప్పటికి ఆమెకు 77 ఏళ్ళు ఉండవచ్చు. వేగు పనికి, నదిమీద దాడికి ప్రత్యేకంగా ఏమీ ఇవ్వలేదు.

వృద్ధాశ్రమం

ఇంతటి పేదరికంలోనూ ఆమె మనసు నలుగురి మీదే. తెల్లవారి ఆశ్రమాలలో నల్లజాతి వృద్ధులను చేర్చుకునేవారు కారు. 1896లో తన ఇంటి పక్కనే 25 ఎకరాలు వేలానికి వస్తే, చేతిలో సరిపడా డబ్బు లేకున్నా 1,450 డాలర్లకు పాడింది. ఆ ఏడాదే వాషింగ్టన్‌లో నల్లజాతి స్త్రీల జాతీయ సంఘం ఏర్పడినప్పుడు అక్కడ అందరికన్నా పెద్దామెగా వేదిక ఎక్కింది. ఆ సభలో పత్రికా రచయిత్రి ఐడా బి. వెల్స్ పసిబిడ్డను చేతుల్లోకి ఎత్తుకుని సభకు చూపించింది. తల్లి చేతుల్లోంచి బిడ్డలను లాగి అమ్మిన రోజులను చూసిన ఆమె చేతుల్లో స్వేచ్ఛగా పుట్టిన బిడ్డ!

స్థలం మీద అప్పు తీర్చలేక 1903లో దాన్ని చర్చికి రాసి ఇచ్చింది. 1908లో ఆశ్రమం ప్రారంభమైంది. చేరేవారు 100 డాలర్లు కట్టాలని నిర్వాహకులు నిబంధన పెడితే ఆమె బాగా నొచ్చుకుంది. డబ్బులేని వాళ్ళ కోసం కట్టినచోట డబ్బు అడగడమేమిటని ఆమె బాధ. 1911లో జబ్బుపడి తానే ఆ ఆశ్రమంలో చేరింది. 1913 మార్చి 10న న్యుమోనియాతో కన్నుమూసింది. సైనిక లాంఛనాలతో ఆబర్న్‌లో ఖననం చేశారు.

కథ అక్కడితో ముగియలేదు. 25 అడిగితే 20 ఇచ్చిన ఆ తేడాకు పరిహారంగా 2003లో అమెరికా ప్రభుత్వం 11,750 డాలర్లు మంజూరు చేసి, ఆమె స్మారక గృహాల పోషణకు ఇచ్చింది. మనిషి పోయిన 90 ఏళ్ళకు అరియర్స్! 2024 నవంబరులో మేరీలాండ్ రాష్ట్రం ఆమెకు బ్రిగేడియర్ జనరల్ హోదా ఇచ్చింది.

పింఛను భిక్ష కాదు, చేసిన సేవకు హక్కు అని మన సుప్రీంకోర్టు నకారా కేసులో 1982 డిసెంబరు 17న చెప్పింది. ఆ తేదీనే మనం పెన్షనర్స్ దినంగా జరుపుకుంటున్నాము. చదువురాని ఆ నల్లజాతి స్త్రీ అంతకు నూరేళ్ళ ముందు నుంచే అదే హక్కు కోసం దరఖాస్తులు పెడుతూ వచ్చింది. వచ్చిన కొద్ది డాలర్లనూ తన ఇంట చేరిన ముసలివాళ్ళకే ఖర్చు చేసింది.

మన సభ్యులలో భర్త పోయి, కాగితాలు సరిగా లేక ఇబ్బంది పడుతున్న ఆడవాళ్ళు ప్రతి ఊరిలోనూ ఉన్నారు. ఏ ఫారం నింపాలో, ఏ ధృవపత్రం జతచేయాలో మనకు తెలుసు. నెలకు ఒక్క పూట కేటాయించి అటువంటి ఒక్క ఇల్లాలి ఫైలు కదిలించగలిగితే ఈ మహనీయురాలికి అదే మనం ఇచ్చే నివాళి.